ముత్తాత పతకం అంచు మీద “61 పయనీర్స్” అని ఉంది. ఈ పటాలం చరిత్ర మన దగ్గర ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: గోస్తని గట్టు

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లె. ఉద్యోగం వల్ల విశాఖలో ఉంటున్నాను. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పెదనాన్నగారింటి అటక మీంచి ఒక రేకు పెట్టె దించాం. అందులో పాత బైబిలు, ఒంటి కొమ్ము ఉన్న కళ్లజోడు, చుట్టల డబ్బా ఉన్నాయి. డబ్బాలో గుడ్డముక్కలో చుట్టి రెండు పతకాలు.

ఒకటి వెండిది. ఒకవైపు రాజు తల, రెండోవైపు గుర్రం మీద బట్టల్లేని మనిషి, పక్కన 1914, 1918. రెండోది పసుపు రంగుది, రెక్కలున్న స్త్రీ బొమ్మ ఉంది. వెండి పతకం అంచుని చింతపండుతో తోమి భూతద్దం పెట్టి చూస్తే ఒక నంబరు, “సిపాయి”, పేరు, ఆ తర్వాత “61 పయనీర్స్” అని చెక్కి ఉంది. ఇంగ్లిషు అక్షరాలే. పేరు మాత్రం “వెంకియా” అన్నట్టుంది. మాకు తెలిసిన ముత్తాత పేరు యోహాను. మాది మాలపల్లి, లూథరన్ కుటుంబం. ఇంట్లో వెంకయ్య అనే మనిషి ఉన్నట్టు పెద్దవాళ్లెవరూ చెప్పలేదు.

ఆయన జర్మనీ యుద్ధానికి వెళ్లొచ్చాడని మాత్రం అందరికీ తెలుసు. చాలామంది ఇరాక్‌లోని బస్రా వెళ్లాడనేవారు. మా నాన్నగారు మాత్రం ఆఫ్రికా అనేవారు. ఆయన చిన్నప్పుడు విన్న కథ ఇది: ఓడ దిగీ దిగగానే యుద్ధం మొదలైందట. తుపాకీ గుళ్ల కంటే ముందు తేనెటీగలు వచ్చి పడ్డాయట. వాటికి తెల్లవాళ్లూ లేదు, నల్లవాళ్లూ లేదు, పటాలమంతా ముఖాలు వాచిపోయి సముద్రంకేసి పరిగెత్తిందట. ఈ కథ చెబితే పిల్లలు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదట. మా చింతచెట్టుకి పట్టిన తేనెపట్టుని బతికున్నన్నాళ్లూ ఎవరినీ ముట్టుకోనివ్వలేదని నాన్న చెప్పేవారు. “ఒక భుజాన తుపాకీ, ఒక భుజాన పార” అని కూడా ఆయన తరచూ అనేవాడట. సిపాయికి పార ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు.

తిరిగొచ్చాక కాలవ చివర ఎకరంన్నర భూమి వచ్చింది. ఊళ్లో ఇప్పటికీ దాన్ని “పటాలం చేను” అంటారు. మా తాతని, ఆయన తోబుట్టువుల్ని బతికించింది ఆ చేనే. మాలపల్లిలో అప్పట్లో సొంత చెక్క ఉండటం చిన్న విషయం కాదు. అది ఎలా వచ్చింది, ఎవరిచ్చారు, ఏ కాగితం మీద ఇచ్చారు అన్నది మా దగ్గర లేదు.

ఇప్పటిదాకా రెండు ప్రయత్నాలు చేశాను. సైన్యానికి సంబంధించిన ఒక ఆఫీసుకి ఉత్తరం రాస్తే, అంత పాత సిపాయిల రికార్డు తమ దగ్గర లేదని మర్యాదగానే జవాబిచ్చారు. భూమి కోసం ఒక ప్రభుత్వ ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. గది తలుపు కూడా తీయకుండా “అవన్నీ ఎప్పుడో చెదలు తినేశాయి” అన్నారు. మూడోసారి కూడా అదే మాట విని బయటికొచ్చి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

నా ప్రశ్నలు ఇవి. ఈ 61 పయనీర్స్ ఏ పటాలం? అది ఇప్పుడు ఏ పేరుతో ఉంది? పంజాబు వాళ్లకి సిపాయిల జాబితాలు దొరుకుతున్నాయని విన్నాను, మన జిల్లాల వాళ్లం ఎక్కడ వెతకాలి? తేనెటీగల కథలో ఏమైనా నిజం ఉందా? ఈ చివరిది తెలిస్తే చాలు అనిపిస్తోంది, ఎందుకంటే ఆయన్ని జీవితమంతా అబద్ధాలకోరుగా చూశాం.

జవాబు: వెల్లింగ్టన్ హవల్దార్

బాబూ, నేను మద్రాస్ రెజిమెంట్‌లో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. శ్రీకాకుళం వాడిని. మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను.

మీ ముత్తాతగారు అబద్ధం చెప్పలేదు. ఆ ఊరి పేరు టాంగా. అప్పటి జర్మన్ తూర్పు ఆఫ్రికా, ఇప్పటి టాంజానియా రేవు. 1914 నవంబరు మొదటి వారంలో ఇండియా నుంచి వెళ్లిన సుమారు 8 వేల మంది బలగం అక్కడ దిగింది. ఎదురుగా ఉన్న జర్మన్ బలగం వెయ్యి మందికి అటూ ఇటూ. దాని నాయకుడు లెట్టో ఫోర్‌బెక్. ముందుగా ఒడ్డుకి దిగి 3వ తేదీ ఉదయం పట్నం మీదికి నడిచిన పటాలాలు రెండే. ఒకటి 13 రాజ్‌పుత్స్, రెండోది మీ 61 పయనీర్స్. దెబ్బతిని వెనక్కి వచ్చారు. 4వ తేదీ మిగతా బలగంతో పెద్ద దాడి జరిగింది. ఆ కాల్పుల మధ్య చెట్ల మీది అడవి తేనెటీగలు రేగి మనుషుల మీద పడ్డాయి. ఇంగ్లిషువాళ్లు ఆ యుద్ధాన్ని తేనెటీగల యుద్ధమనే పిలుస్తారు. జర్మన్లు తీగలు కట్టి కావాలని రేపారని కూడా అప్పట్లో పుకారు పుట్టించారు. అది నిజం కాదు, ఈగలు రెండు పక్షాల్నీ కుట్టాయి. 5వ తేదీకల్లా అందరూ మళ్లీ ఓడలెక్కేశారు. సముద్రంకేసి పరిగెత్తడమన్నది కూడా సరిపోయింది చూడండి.

పార సంగతి. పయనీర్లంటే తుపాకీ పట్టే సిపాయిలే, కానీ రోడ్డు వేయడం, కందకం తవ్వడం, వంతెన కట్టడం నేర్చినవాళ్లు. కాబట్టి రెండు భుజాల మాట అక్షరాలా నిజం.

ఇక పటాలం వంశావళి. 1903లో అప్పటి సేనాధిపతి కిచ్‌నర్ మొత్తం ఇండియన్ ఆర్మీకి వరస నంబర్లు ఇచ్చినప్పుడు మద్రాసు పటాలాలకి పాత నంబరు మీద 60 కలిపారు. 1వ మద్రాస్ పయనీర్స్ 61 అయింది, 4వది 64, 21వది 81. ఈ లెక్క గుర్తుంచుకుంటే పాత పుస్తకాల్లో తప్పిపోరు. 1900లో చైనా వెళ్లిన 1వ మద్రాస్ పయనీర్స్, 1914లో టాంగాలో దిగిన 61 పయనీర్స్ ఒకటే పటాలం. దాని పుట్టుక 1758. 1922లో 61, 64, 81 మూడూ కలిసి “1వ మద్రాస్ పయనీర్స్” అనే పెద్ద రెజిమెంటు అయ్యాయి. 1933లో పయనీర్ రెజిమెంట్లన్నిటినీ రద్దు చేసేశారు.

మీకు “లేదు” అని జవాబు రావడానికి కారణం ఇదే. ఇవాళ ఆ పటాలానికి నేరుగా వారసుడు లేడు. వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంట్ సెంటర్‌లోనూ, బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లోనూ మ్యూజియంలు ఉన్నాయి. పటాలం కథ కోసం వెళ్లండి, ఒక్క సిపాయి కథ కోసమైతే నిరాశ పడతారు.

పతకాల విషయంలో ఒక్క మాట, ఇది చాలా ముఖ్యం. 1915 డిసెంబరు 31 లోపు యుద్ధరంగంలో అడుగు పెట్టినవాడికి ఈ రెండింటితోపాటు మూడోది రావాలి. దాన్ని 1914–15 స్టార్ అంటారు. కంచు రంగు, నాలుగు కొసల నక్షత్రం. అది మీ పెట్టెలో లేదు. అంటే రెండే దారులు. ఒకటి, అది పోయింది. రెండు, మీ ముత్తాతగారు 1916 తర్వాత ఆ పటాలంలో కలిసి, టాంగా కథని సీనియర్ల దగ్గర విని తన కథగా చెప్పుకున్నారు. సిపాయిల్లో అలా జరుగుతుంది, అందులో తప్పు లేదు. ఏది నిజమో తేల్చాలంటే నక్షత్రం సంగతి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. అది ఎలా ఉంటుందో మీరు ముందుగా చెప్పకండి. వాళ్లని చెప్పనివ్వండి.

ఇంకొకటి. 1914 నాటికి పయనీర్ పటాలాల్లో తెలుగువాళ్లకని వేరే కంపెనీ లేదు. తమిళులు, మద్రాసు ముస్లింలు, “పరయాలు, క్రిస్టియన్లు” అని వర్గాలు ఉండేవి. పరయాలంటే తమిళనాట మన మాలల లాంటి కులం. మీ ముత్తాతగారు ఆ చివరి వర్గం కింద చేరి ఉండొచ్చు. ఏదైనా జాబితాలో తెలుగు అనే పదం కోసం చూసి, లేదని వదిలేయకండి.

జవాబు: పాత కచేరీ

హవల్దార్‌గారు పటాలం సంగతి చెప్పారు కాబట్టి నేను మనిషి సంగతి చెబుతాను. రెవెన్యూలో 34 ఏళ్లు చేసి డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయాను. రికార్డు గదుల్లో దుమ్ము పీల్చినంత ఇంకెక్కడా పీల్చలేదు, ఆ పని నాకెంతో ఇష్టం కూడా. “చెదలు తినేశాయి” అన్న మాట విని మీరు మెట్ల మీద కూర్చున్నారని చదివి బాధేసింది. ఆ మాట అన్నవాళ్లకి ఏ రిజిస్టరు అడుగుతున్నారో తెలియకపోయి ఉండొచ్చు. ఆ అవకాశం మళ్లీ ఇవ్వకండి. “పాత రికార్డులు కావాలి” అని అడిగితే ఎవరూ కదలరు. రిజిస్టరు పేరు పెట్టి అడగాలి.

ముందు జిల్లా సరిచూసుకోండి. తణుకు తాలూకా 1904 దాకా గోదావరి జిల్లాలో ఉంది. 1904లో దాన్ని, ఏలూరు, యర్నగూడెం, భీమవరం, నరసాపురం తాలూకాలతోపాటు కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు ఏలూరు కిందకి వచ్చింది. 2022 నుంచి మీ జిల్లా కేంద్రం భీమవరం. అంటే మీ ముత్తాత పటాలంలో చేరినప్పుడూ తిరిగొచ్చినప్పుడూ ఆయన మచిలీపట్నం కలెక్టరు కింది మనిషి. “వెస్ట్ గోదావరి” అని వెతికితే 1914 కాగితాల్లో ఏమీ తగలదు. “కిస్ట్నా” అన్న పాత స్పెల్లింగు చూడాలి. ఎంతోమంది ఇక్కడే ఆగిపోతారు.

ఇక పటాలం చేను. ఈ పేరు మీ ఊళ్లో బతికి ఉండటం మీ అదృష్టం. ఇవాళ్టి అడంగల్‌లో, అంటే ఊరి సాగు రికార్డులో, ఆ చేను సర్వే నంబరు చూసి రాసుకోండి. రీసర్వే అయిపోయిన ఊరైతే కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఉంటుంది, దానికి పాత సర్వే నంబరు ఏదో అడిగి తీసుకోండి. అక్కడి నుంచి వెనక్కి నడవండి. మీకు కావలసింది ఆర్‌ఎస్‌ఆర్, మేం డైగ్లాట్ అంటాం. ఇంగ్లిషు, తెలుగు రెండు భాషల్లో ఊరూరికీ అచ్చయిన సెటిల్‌మెంట్ రిజిస్టరు. పాత నంబరు, కొత్త నంబరు, సర్కారు భూమా పట్టా భూమా ఇనామా, మెట్టా పల్లమా, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, చివర రిమార్కులు. కృష్ణా గోదావరి డెల్టాకి 1930 ప్రాంతంలో రీసెటిల్‌మెంట్, అంటే శిస్తు మళ్లీ నిర్ణయించడం, జరిగింది. ఆ డైగ్లాట్‌లో మీ చేను ఎవరి పేర ఉందో, అంతకు ముందరి డైగ్లాట్‌లో అదే నంబరు బంజరుగా ఉందేమో చూస్తే భూమి ఏ మధ్యకాలంలో చేతికొచ్చిందో తెలిసిపోతుంది.

ఎలా వచ్చిందన్న దానికి రెండు దారులున్నాయి. మొదటిది, యుద్ధం నుంచి వచ్చిన సిపాయికి ఇచ్చిన భూమి. రెండోది, 1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం అణగారిన కులాల కోసం లేబర్ కమిషనర్‌ని పెట్టి, ఆ శాఖ ద్వారా బంజర్లు, ఇళ్ల స్థలాలు ఇప్పించింది. మాలపల్లి సిపాయికి ఈ రెండింటిలో ఏ దారిన వచ్చినా ఆశ్చర్యం లేదు. రెవెన్యూ జీవోల్లో దొరక్కపోతే లేబర్ కమిషనర్ కాగితాల్లో వెతకాలి. ఒక్క చోట చూసి లేదనుకోకండి.

ఈ జీవోలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. పాత మద్రాస్ రికార్డ్ ఆఫీసు అదే, ఎర్ర భవనం. మనం విడిపోయినా ఉమ్మడి మద్రాసు ప్రభుత్వ కాగితాల్లో చాలా భాగం అక్కడే ఉండిపోయింది. ఏడాదికో ఇండెక్సు సంపుటం, శాఖకో ఇండెక్సు. వ్యక్తి పేరుతో వెతకడం దండగ. జిల్లా, తాలూకా, విషయం చూడండి. 1918 నుంచి 1925 దాకా ఇండెక్సులు ఓపికగా తిరగేయాలి, రెండు మూడు రోజులు పడుతుంది. వెళ్లేముందు పరిశోధన అనుమతికి దరఖాస్తు పెట్టుకోండి.

జిల్లా రికార్డు గదిలో ఫైళ్లకి ముగింపు ముద్రలుంటాయి. ఎల్.డిస్ అంటే ఏడాది ఉంచి తీసేసేది, డి.డిస్ పదేళ్లు, ఆర్.డిస్ శాశ్వతంగా ఉంచాల్సింది. భూమి హక్కు తేల్చిన ఫైలు ఆర్.డిస్ అయ్యుంటుంది. దాన్ని నోటిమాటగా “పోయింది” అనడానికి వీల్లేదు. సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి: ఫలానా గ్రామం డైగ్లాట్‌లో ఫలానా నంబరు పేజీ ధ్రువీకరించిన నకలు ఇవ్వండి, లేకపోతే ధ్వంసం చేసిన రికార్డుల జాబితాలో ఆ ఎంట్రీ నకలు ఇవ్వండి. ఈ రెండో వాక్యం రాస్తే రికార్డు గది తాళం తీయక తప్పదు.

చివరిగా వెంకయ్య, యోహాను సంగతి. మీ చర్చికి వెళ్లి బాప్తిస్మ రిజిస్టరు చూపించమని పాస్టరుగారిని అడగండి. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నవాళ్లకి పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, ఊరు పక్కపక్కనే రాసేవారు. ఆర్కైవ్ అంటే పెద్ద భవనమే అనుకుంటాం. మాలపల్లి మనిషి పేరు సర్కారు కంటే ముందు శ్రద్ధగా రాసుకున్నది చాలా ఊళ్లలో చర్చి.

జవాబు: లండన్ నుంచి గుంటూరు పిల్ల

పై ఇద్దరూ చెప్పినదానికి నేను కలపగలిగింది కొంచెమే.

పంజాబు జాబితాల గురించి అడిగారు. లాహోర్ మ్యూజియంలో పడి ఉన్న రిజిస్టర్లు అవి. 3 లక్షల 20 వేల మంది సిపాయిల వివరాలు, ఊరూరా రాసినవి. 2021 నవంబరులో కొన్ని జిల్లాలవి ఆన్‌లైన్లో పెట్టారు. మద్రాసు వైపు నుంచి అలాంటిదేదీ బయటపడలేదు. అందుకే మనం పాత కచేరీగారు చెప్పినట్టు ముక్కముక్క పోగెయ్యాలి.

లండన్ పక్కన క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో “డబ్ల్యూఓ 95” అనే వరసలో పటాలాల వార్ డైరీలు ఉంటాయి. తూర్పు ఆఫ్రికావి కూడా అందులోనే. ఏ రోజు ఎక్కడున్నారు, ఎంతమంది జబ్బుపడ్డారు అన్నది తెలుస్తుంది. తెల్ల ఆఫీసర్ల పేర్లు రాస్తారు, సిపాయిలు మాత్రం అంకెలు. “ఇద్దరు మరణం, తొమ్మిదిమంది గాయపడ్డారు” అన్నట్టు. నేను మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు వాటిని తేదీల కోసం మాత్రమే చదువుతాను.

మీకు ఇంటి దగ్గర నుంచే చేయగల పని ఒకటుంది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో 61 పయనీర్స్ అని పెట్టి వెతకండి. చనిపోయినవాళ్లే వస్తారు, మీ ముత్తాత రాడు. కానీ చాలామంది ఇండియన్ సిపాయిలకి తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాసి ఉంటాయి. అందులో కిస్ట్నా, గోదావరి అని కనబడే పేర్లు ఏరండి. తూర్పు ఆఫ్రికాలో తూటాల కంటే మలేరియా, విరేచనాలు చాలా ఎక్కువమందిని తీసుకెళ్లాయి. మీ పక్క ఊరివాడెవరైనా అక్కడ ఉండిపోయి ఉంటే ఆ ఇంటివాళ్లకి ఇవాళ్టికీ తెలిసి ఉండదు.

గోస్తని గట్టు (నాలుగు నెలల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ముగ్గురూ చెప్పినవి ఒక్కొక్కటే చేశాను.

చర్చి ముందు. పాస్టరుగారు బీరువాలోంచి అట్ట ఊడిన రిజిస్టరు తీసి నా ముందు పెట్టి, “చేతులు కడుక్కుని తిప్పండి” అన్నారు. రెండో ఆదివారం మధ్యాహ్నం దొరికింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది పేజీలో మంచి గుండ్రటి తెలుగు అక్షరాల్లో పాత పేరు వెంకయ్య, కొత్త పేరు యోహాను, వృత్తి గడిలో “పటాలము”. పక్కనే మా ముత్తవ్వ పేరు. ఇద్దరూ ఒకే రోజు తీసుకున్నారు. నేను పేజీ మీద చెయ్యి పెట్టకుండా చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పతకం మీది వెంకియా మా మనిషే.

హవల్దార్‌గారూ, దీంతో ఒక చిక్కు కూడా వచ్చింది. పటాలంలో చేరినప్పుడు ఆయన ఇంకా క్రైస్తవుడు కాదు. అంటే మీరు చెప్పిన వర్గంలో మొదటి సగం కింద చేరి ఉండాలి. తెలుగు మాలని తమిళ పేరుతో రాసుకున్నారన్నమాట.

డైగ్లాట్. పాత కచేరీగారు చెప్పిన రెండు వాక్యాలూ పదం పొల్లుపోకుండా రాసి పెట్టాను. ఐదో వారానికి నకలు వచ్చింది. 1930 నాటి రిజిస్టరులో ఎకరం 48 సెంట్లు, పట్టాదారు “మాల వెంకయ్య”. చర్చిలో యోహాను అయి పదేళ్లు దాటినా సర్కారుకి వెంకయ్యే. అంతకు ముందరి రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా బంజరు. ఆ నకలు పెదనాన్నకి చదివి వినిపిస్తే “48 సెంట్లు కూడా రాశారా” అని రెండుసార్లు అడిగారు.

ఎగ్మూరులో రెండు రోజులే ఉండగలిగాను, సెలవు దొరకలేదు. 1920 దాకా రెవెన్యూ ఇండెక్సులు చూశాను, మా తాలూకా తగల్లేదు. దసరాకి మళ్లీ వెళ్తున్నాను, ఈసారి లేబర్ కమిషనర్ కాగితాలతో మొదలుపెడతాను.

ఇక నక్షత్రం. మా ముత్తాత పిల్లల్లో ఒక్క చివరి కూతురు మాత్రమే బతికున్నారు. మా నాన్నగారికి మేనత్త, మేం చిన్న మామ్మ అంటాం. 89 ఏళ్లు, పాలకొల్లులో కొడుకు దగ్గర ఉంటారు. హవల్దార్‌గారు చెప్పినట్టే నేనేమీ వర్ణించలేదు. రెండు పతకాలూ చేతిలో పెట్టి, “ఇవేనా మామ్మా, ఇంకేమైనా ఉండేవా?” అని మాత్రం అడిగాను.

ఆవిడ వాటిని తడిమి చూసి, “ఇంకోటి ఉండాలిరా, కొసలుగా ఉండేది” అంది. “ఎర్రటిది. దాని మీద రెండు కత్తులు అడ్డంగా ఉండేవి. నాకు ఆరేడేళ్లప్పుడు కనుమనాడు మా అన్న దాన్ని పూసలతోపాటు ఎద్దు మెడలో కట్టాడు. కాలవలో కడుగుతుంటే తాడు తెగిపోయింది. నాన్న అన్నని ఒక్క మాటా అనలేదు. రెండు రోజులు కాలవలో దిగి కాళ్లతో వెతికాడు.”

ఇంటికొచ్చి 1914–15 స్టార్ ఫోటో చూశాను. నాలుగు కొసలు, మధ్యలో అడ్డంగా రెండు కత్తులు. ఈ ఫోటో మామ్మ ఎప్పుడూ చూసి ఉండదు.

వెల్లింగ్టన్ హవల్దార్

బాబూ, 1915 డిసెంబరు లోపు వెళ్లాడన్నది తేలినట్టే. పటాలం 61, కథలో తేనెటీగలు. టాంగాలో దిగాడనే నేను నమ్ముతున్నాను. వర్గం గురించి మీరన్నది కూడా సబబుగానే ఉంది. మామ్మగారు చెప్పింది ఫోన్లో రికార్డు చేసి, తేదీ వేసి ఉంచండి.

గోస్తని గట్టు

రికార్డు చేశానండీ. డైగ్లాట్ నకలు, రిజిస్టరు ఫోటోతో కలిపి ఒక ఫైలు చేశాను, ఒక ప్రతి చర్చిలో ఉంచమని పాస్టరుగారికి ఇచ్చాను.

లండన్ చెల్లెమ్మ చెప్పినట్టు వెబ్‌సైటులో వెతకడం కూడా మొదలుపెట్టాను. తణుకు, భీమవరం, నరసాపురం వైపు ఎవరింట్లోనైనా అంచు మీద 61, 64, 81 పయనీర్స్ అని ఉన్న పతకం ఉంటే ఇక్కడ రాయండి. పేరు సరిపోలకపోయినా ఫర్వాలేదు, చింతపండుతో నెమ్మదిగా తోమి నంబరు చదవండి. నేను వచ్చి చూస్తాను.